నిమ్మకాయల మీద తొలి అడుగు

నమోదు 1

రహదారి న్యాయపీఠం వారికి.

బండి ఇచ్చిన వాంగ్మూలాన్ని కాదనే మనిషి, తన అభ్యంతరం తేలేదాకా దినచర్య రాసి దాఖలు చేయాలన్నది మీ నియమం. బండి తన ప్రతి కదలికనూ తానే నమోదు చేసుకుంటుంది కనుక మనిషి పక్షాన కూడా ఒక నమోదు ఉండాలన్నది దాని వెనుక ఉన్న న్యాయం. ఆ నియమంతో నాకు పేచీ లేదు. బండి రాసినదాన్ని సాక్ష్యంగానూ, మనిషి రాసినదాన్ని గోడుగానూ చదివే మీ అలవాటుతోనే పేచీ.

నా పేరు పైల హిమజ. ఎగువకొండ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈ అభ్యంతరం నా కోసం కాదు. వాదన పోటీల్లో నా పక్కన కూర్చునే మోటుపల్లి సాల్మన్ కోసం.

జరిగినది ఇది. అంతర విశ్వవిద్యాలయ పోటీలో గెలిచి, షీల్డుతో తిరిగి వచ్చాం. మమ్మల్ని మోసుకొచ్చిన, డ్రైవరు లేని చిత్రరథ సంస్థ బండి కళాశాల మెట్ల ముందు ఆగింది. మిత్రులు చుట్టుముట్టారు. చప్పట్లు, డప్పులు, కేకలు. నేను ఒక వైపు దిగాను, సాల్మన్ మరో వైపు దిగాడు. గుంపు తోపులాటలో అతని కుడిపాదం ముందు చక్రం ఎదుట పడింది. బండి ఖాళీ అయింది కనుక తనంతట తాను షెడ్డుకు వెళ్లాలి. గుంపును చూసి మొదట ఆగింది కూడా. ఆ తరువాత, నడక కన్నా నెమ్మదిగా, ఏ కంగారూ లేకుండా, అతని పాదం మీదుగా సాగిపోయింది.

బండి వాంగ్మూలం మీ దగ్గరే ఉంది. అయినా ఇక్కడ తిరిగి రాస్తున్నాను: "చక్రం కింద చిన్న అవరోధం. పరిస్థితి అనుకూలం. సాగాను."

దీని ఆధారంగా తప్పు పాదచారిదేనని మీ యంత్రాంగం తేల్చింది. సాల్మన్ సవారీ హక్కును, అంటే బండి ఎక్కే హక్కును, ఏడాది పాటు రద్దు చేసింది. తీర్పు అతనికి చేరేసరికి కాలికి కట్టు వేయడం కూడా పూర్తి కాలేదు.

నా మొదటి ప్రశ్న ఒక్కటే. ఎవరికి అనుకూలం?

నమోదు 2

సవారీ హక్కు పోవడమంటే ఏమిటో దిగువ మైదానాల్లో ఉండేవారికి తెలియకపోవచ్చు. కొండచరియల భయం వల్ల ఎగువకొండ మీద నివాసాలు లేవు. హాస్టళ్లన్నీ దిగువపేటలో ఉన్నాయి. మధ్యనున్న ఘాట్ రోడ్డు బండ్లది. దాని మీద మనిషి కాలు పెడితే మరో నేరం. కనుక శిక్షలో "చదువు మానుకో" అన్న మాట లేకపోయినా శిక్ష అదే. హాజరు తగ్గితే సాల్మన్‌ను చివరి పరీక్షలకు కూర్చోనివ్వరు. కుటుంబంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు అతను.

ఈ ఉదయం హాస్టల్ వాకిట్లో నేను ఉపన్యాసం లాంటిదేదో మొదలుపెట్టాను. మొదటి సంవత్సరం చదివే పాంగి జ్యోత్స్న మధ్యలోనే ఆపేసింది.

"అక్కా, నువ్వు తరవాత మాటాడుదువు గాని, ఒక దుప్పటి ఇవ్వు. గట్టిది."

"ఎందుకు?"

"డోలీ కట్టడానికి. మా ఊరికి రోడ్డు పడకముందు మా ముత్తాతను ఆస్పత్రికి ఇలాగే దించారంట. కొండెనక పాత కాలిబాట ఇంకా ఉంది. బండ్లకు పనికిరాదు కాబట్టి ఎవరూ మూసెయ్యలేదు."

వెదురు బొంగుకు దుప్పటి రెండు కొసలూ కట్టి ఊయలలా వేలాడదీసింది. సాల్మన్ దానిని చాలాసేపు పరిశీలించాడు.

"నేనేటి, పెళ్లికూతుర్నా?"

"పెళ్లికూతురు ఇంత బరువుండదు. ఎక్కు," అన్నాను.

"ఒసే, ఆ ముందు బొంగు పట్టుకున్నది చరణ్ కాదేటి? మొన్న కళాశాల పోటీల్లో మనం ఓడగొట్టినోడు! లోయలో పడేస్తాడే నన్ను."

"పడెయ్యాలనే వచ్చాను," అన్నాడు చరణ్, బొంగు భుజానికెత్తుకుంటూ. "కానీ నువ్వు పోతే హిమజ నోటికి అడ్డెవరు? అది తలుచుకుని ఆగుతున్నా."

చరణ్ జట్టుతో నేను ఇంతవరకు ఏ విషయంలోనూ ఏకీభవించలేదు. ఇకపైనా ఏకీభవించే ఉద్దేశం లేదు. కానీ ఈ రోజు కాలిబాట పొడవునా వాళ్లు మాతో వంతులు మార్చుకుంటూ మోశారు. నిటారుగా ఉన్న చోట నా కాలు జారితే, చరణ్ వెనక్కి తిరగకుండానే బరువంతా తన వైపు లాక్కున్నాడు. సాల్మన్ మొదటి తరగతికి ఆలస్యంగానైనా హాజరయ్యాడు. వాదప్రతివాదాల్లో కృతజ్ఞత చెప్పడాన్ని లొంగిపోవడంగా చూస్తారు. నేను అలా చూడను. ఇది నమోదు చేయండి: చరణ్‌కు, అతని జట్టుకు, జ్యోత్స్నకు నేను రుణపడి ఉన్నాను.

నమోదు 3

చిత్రరథ సంస్థ తరఫున బొడ్డేపల్లి విశాలాక్షిగారు వచ్చారు. నియంత్రణ సాఫ్ట్‌వేర్ విభాగంలో పెద్ద ఇంజినీరు. నెరిసిన జుట్టును బిగించి ముడి వేసుకున్నారు. మాట కూడా అంతే బిగువుగా ఉంది.

"ఆ బండిని మా పరీక్షాస్థలానికి తీసుకెళ్లి చూశామమ్మా. చక్రం ముందు ఇటుక పెట్టాం, ఆగింది. చెప్పు పెట్టాం, ఆగింది. అగ్గిపెట్టె పెట్టినా ఆగింది. ఆగకుండా వెళ్లిన సందర్భం ఒక్కటీ లేదు."

"అయితే సాల్మన్ పాదం అగ్గిపెట్టె కన్నా చిన్నదంటారా?"

"నేను అలా అనలేదు."

"బండి అంది. చిన్న అవరోధం అంది. పరిస్థితి అనుకూలం అని కూడా అంది. ఆ అనుకూలత ఏమిటో మీ సాఫ్ట్‌వేర్‌ను అడిగి చెప్పండి."

"అది నేర్చుకున్నవి లక్షల పాఠాలు. ఒక మాట ఏ పాఠం నుంచి వచ్చిందో విడదీసి చెప్పడం మాకూ సాధ్యం కాదు."

"మీకే తెలియనిదాన్ని ఆధారం చేసుకుని అతన్ని నేరస్థుణ్ణి చేశారు."

ఆవిడ తగ్గలేదు. "నీకు కోపం వచ్చింది. నాకు అర్థమవుతుంది. కానీ కోపం మీద, నువ్వు కోరినట్టు బండ్లన్నిటినీ వెనక్కి పిలిచి రీకాల్ చెయ్యలేం. ఈ ప్రాంతంలో తిరిగేవన్నీ మా బండ్లే. అవన్నీ వెనక్కి వెళ్తే ఈ ఊరి గతేమిటో ఆలోచించావా?"

ఆలోచించలేదని ఎలా అంటాను? సాయంత్రం దిగువపేటలో టీకొట్టు గౌరునాయుడు అదే మాట మరింత సూటిగా అడిగాడు. అక్కడ బెంచీల మీద కూర్చున్నవారందరూ వింటున్నారు.

"నువ్వేనా తల్లీ, బండ్లన్నీ ఆపించేస్తానని బయల్దేరిన గుంటవి? నీ నేస్తం కాలు ఇరిగిందని ఊరోళ్ల కాళ్లన్నీ ఇరగ్గొడతావేటి?"

"మీ కాలు విరగకూడదనే, బాబాయ్."

"నా కాలికేటే, శుభ్రంగా ఉంది. పాలు రాకపోతే ఇరిగేది నా కొట్టు."

అందరూ నవ్వారు. నా దగ్గర సమాధానం ఉంది. సంఖ్యలు ఉన్నాయి, పూర్వ తీర్పులు ఉన్నాయి. అక్కడ అవేవీ పనికి రావని గ్రహించి టీ తాగి వచ్చేశాను. గౌరునాయుడు వేసింది మంచి ప్రశ్నే.

నమోదు 4

విచారణ కోసం తీసుకెళ్లిన బండికి బదులుగా సంస్థ ఈ ఉదయం మా హాస్టల్‌కు కొత్త బండిని పంపింది.

వార్డెన్ అప్పలనర్సమ్మగారు అప్పటికే పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో సిద్ధంగా ఉన్నారు. బండి ముఖానికి బొట్టు పెట్టారు. దండ వేశారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మేమందరం చుట్టూ చేరాం. డోలీలో కూర్చున్న సాల్మన్ కూడా చేతులు జోడించాడు. "బైబిలు చదివేవాడివి, నీకెందుకురా?" అని చరణ్ అంటే, "నా కాలు తొక్కిన జాతిది. దణ్ణం పెట్టుకుంటే మేలు," అన్నాడు.

కొబ్బరికాయ కొట్టారు. వార్డెన్‌గారు "పోనీయమ్మా, పోనీ!" అన్నారు.

బండి కదలలేదు. "చక్రాల కింద అవరోధం ఉంది. సాగమంటారా?" అని అడిగింది.

"సాగు, సాగు! ఏటి అడుగుతావు, సాగూ!"

మేమందరం చప్పట్లు కొట్టాం. బండి మెల్లగా ముందుకు జరిగింది. నిమ్మకాయలు నాలుగూ చితికాయి. చప్పట్లు రెట్టింపయ్యాయి. నా చేతులు కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నాయి. అలా కొడుతూ ఉండగానే ఆ శబ్దం నాకు గుర్తుకొచ్చింది. షీల్డుతో దిగిన రోజున కళాశాల మెట్ల దగ్గర విన్నది ఇదే శబ్దం.

న్యాయపీఠం వారు దయచేసి ఈ భాగాన్ని నిదానంగా చదవాలి. చిత్రరథ బండి కొత్తగా ఇంటికి వచ్చిన రోజును సంస్థ "తొలి పాఠం" అంటుంది. ఆ రోజు తనకు తెలియని ప్రతిదాన్నీ బండి యజమానిని అడుగుతుంది, చెప్పిన జవాబును ఎన్నటికీ మరవదు. ఒక ప్రాంతంలోని బండ్లు తమ పాఠాలను ఒకదానితో ఒకటి పంచుకుంటాయి కూడా. మన ప్రాంతంలో పుట్టిన ప్రతి బండీ ఈ లోకాన్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: చక్రం కింద ఏదో ఉంది, సాగనా? చుట్టూ గుమిగూడిన మనుషులు నవ్వుతూ, చప్పట్లు కొడుతూ ప్రతిసారీ చెప్పే జవాబు కూడా ఒకటే.

గుంపు, చప్పట్లు, నెమ్మది వేగం, చక్రం కింద చిన్నదేదో. బండికి అదే అనుకూల పరిస్థితి. మనమే నేర్పాం.

సాల్మన్ నా ముఖం చూసి భయపడ్డాడు. "ఏటే? ఎవరైనా పోయారా?"

"లేదు. నీ కాలు నిమ్మకాయ అయిపోయింది."

"ఇన్నాళ్లూ పాదమనే అనుకున్నా," అన్నాడు.

నమోదు 5

ఊహకు రుజువు కావాలి. విశాలాక్షిగారికి కబురు పంపాను. రాకపోయినా ఎవరూ తప్పుపట్టలేరు, కానీ వచ్చారు.

హాస్టల్ వాకిట్లోనే పరీక్ష పెట్టాం. పాత చెప్పులో బీరకాయను తాడుతో కట్టి ముందు చక్రం ఎదుట ఉంచాం. దగ్గరలో ఎవరూ లేరు. బండి ఆగింది. విశాలాక్షిగారు తల ఊపారు. తరువాత అందరం చుట్టూ నిలబడ్డాం, మాట్లాడలేదు. బండి ఆగింది. మూడోసారి చప్పట్లు మొదలుపెట్టాం.

బండి ఆగింది. క్షణం తరువాత ఆలోచన ముగించినట్టుగా మెల్లగా కదిలి బీరకాయను నలిపేసింది.

ఎవరి చేతులు ఎక్కడున్నవి అక్కడే ఆగిపోయాయి. జ్యోత్స్న వెళ్లి చెప్పును తీసింది. దాని అడుగు నుంచి రసం కారుతోంది.

"మళ్లీ చెయ్యండి," అన్నారు విశాలాక్షిగారు.

మళ్లీ చేశాం. ఫలితం అదే. ఈసారి డప్పుతో చేయమన్నారు. అదే. పిల్లలు అరిస్తే? అదే. అయినా ఆవిడ పరీక్ష ఆపమనలేదు. తాను ఓడిపోయే పరీక్షను ఇంకా కఠినం చేస్తూ పోయారు. వాదనలో ఎదుటివారి నిజాయితీ మీద నమ్మకం పెట్టుకోకూడదని నేను జూనియర్లకు చెబుతుంటాను. ఆ పాఠాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

వెళ్లేముందు ఆవిడ అన్నారు: "పెళ్లి ఊరేగింపులు. ఎన్నికల ర్యాలీలు. రథోత్సవాలు. స్కూలు గేట్లు..."

గుంపూ చప్పట్లూ ఉండే చోట్లన్నీ.

నమోదు 6

గెలిచామనుకున్నాను. నిన్న చిత్రరథ సంస్థ చేసిన ప్రకటన చదివాక అది తొందరపాటని తేలింది.

సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదట. అడిగింది, జవాబు విన్నది, నేర్చుకున్నది. అది చేయవలసిన పని అదేనట. తప్పుడు పాఠం చెప్పినవారు యజమానులు. కాబట్టి రీకాల్ అక్కర్లేదు. బండ్ల పూజలో నిమ్మకాయలను నిషేధిస్తే చాలునట. చక్రం ఎదుట పాదం పెట్టింది అతనే కనుక సాల్మన్‌పై తీర్పును మార్చవలసిన పని కూడా లేదట.

ఇది మామూలు ఎత్తుగడ కాదు. నేను కనిపెట్టిన కారణాన్నే నాకు ఎదురుగా నిలబెట్టారు. ఎవరు నేర్పారో చెప్పింది నేనే కదా! నేను అవతలి పక్షాన ఉంటే ఈ వాదననే ఎంచుకునేదాన్ని.

మధ్యాహ్నానికి ఊరంతా ఒకటే మాట: నిమ్మకాయల పూజ మానిపించే అమ్మాయిని నేనేనని. వార్డెన్ అప్పలనర్సమ్మగారు నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"ఓలమ్మా, నా నిమ్మకాయలేటి సేసినాయే? మా అమ్మ పెట్టింది. మా అమ్మమ్మ ఎడ్లబండికి పెట్టింది. ఎడ్లు ఎవరి కాలైనా తొక్కినాయా?"

"లేదండీ."

"మరి?"

"మరదేనండీ నేనంటున్నది! ఎడ్లకు నిమ్మకాయకూ కాలికీ తేడా తెలుసు. బండికి తెలియదు. మీ అమ్మమ్మగారి కాలం నుంచి ఉన్నది పూజ. కొత్తగా వచ్చింది బండి. ఒకరింటికి కొత్తగా వచ్చినవారే ఆ ఇంటి పద్ధతి తెలుసుకోవాలి. తెలుసుకోలేనిదాన్ని అమ్మినవారిది తప్పు. మీది కాదు."

ఆవిడ గుమ్మం దాటి లోపలికి వచ్చారు. "ఇంత పొడుగు మాట నాకెందుకే? ఇదే అక్కడ సెప్పు. అన్నం తిన్నావా?"

తినలేదు. తినిపించారు. ఎండుచేపల పులుసు. నా వాదన మొత్తాన్ని రెండో ముద్దకల్లా ఆవిడ ముందు పూర్తిగా వినిపించి, ఎక్కడ తడబడ్డానో ఆవిడ కనుబొమ్మల్లోనే చూసుకుని దిద్దుకున్నాను. ఆవిడకు కూడా కృతజ్ఞతలు.

రేపటి విచారణలో ఓడిపోతే సాల్మన్‌కు పరీక్షల గడువు దాటిపోతుంది. అతను డోలీ మోసినవారి పేర్లన్నీ అడిగి, ఒక్కొక్కరి దగ్గరకూ కుంటుకుంటూ వెళ్లి వస్తున్నాడు.

"ఎందుకురా ఇప్పుడు?" అన్నాను.

"రేపు వెళ్లిపోవాలంటే, చెప్పకుండా వెళ్లానని ఎవరూ అనుకోకూడదు కదే."

నమోదు 7

విచారణ జరిగింది.

నా జీవితంలో ఇంత శ్రద్ధగా తయారైన ప్రసంగం లేదు. ఆరంభ వాక్యం, ప్రతివాదికి బిగించే ఉచ్చు, అప్పలనర్సమ్మగారి ఎడ్లు, చివర సాల్మన్ పాదం. ఒక్కొక్కటీ ఎక్కడ రావాలో అక్కడ పేర్చుకున్నాను. మీరు ముగ్గురూ పీఠం మీద కూర్చున్నారు. నియమం ప్రకారం ముందు సంస్థ మాట్లాడాలి.

విశాలాక్షిగారు లేచి, సంస్థ ఇచ్చిన ప్రకటనను బల్ల మీద పెట్టారు. దానిని తెరవలేదు.

"ఇది చదవమని పంపారు. చదవను. తొలి పాఠం భాగాన్ని రాసింది నేను. యజమాని మొదటి రోజు చెప్పిన మాటను బండి జీవితాంతం నమ్మాలన్న ఆలోచన నాది. 'అవరోధం ఉంది, సాగమంటారా' అన్న ప్రశ్న కూడా నేను రాసిందే."

మీలో మధ్య కూర్చున్న న్యాయమూర్తి ఏదో అనబోయారు. ఆవిడ ఆగలేదు.

"నా సొంత బండి వచ్చిన రోజున మా అమ్మ నిమ్మకాయలు పెట్టింది. బండి అడిగింది. నేను నవ్వుతూ సాగమన్నాను. చప్పట్లు కూడా కొట్టాను. నేను రాసిన ప్రశ్న నన్నే అడుగుతుంటే, అది పూజలో ఒక మంత్రం లాగా వినపడిందే తప్ప ప్రశ్నలాగా వినపడలేదు. రాసినదానికే తట్టని సంగతిని ఊళ్లోవాళ్లు ముందే ఊహించి ఉండాల్సిందని సంస్థ అంటోంది. నేను ఆ మాట అనలేను. మేం ఆ ప్రశ్నను మనుషులు లేని పరీక్షాస్థలంలో రాశాం. అది మనుషుల మధ్య పని చేయాలి. లోపం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. బండ్లన్నిటినీ వెనక్కి పిలవాలి. ఆ అబ్బాయి తప్పు లేదు."

కూర్చున్నారు.

నా వంతు వచ్చింది. లేచాను. పేర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి, వాటిలో ఒక్కదానికీ పని మిగల్లేదు. "ప్రతివాది చెప్పినదానికి నేను చేర్చేదేమీ లేదు," అన్నాను. ఆ మాటను ఏ సభలోనూ నేను ఇంతకు ముందు వాడలేదు. పక్కన సాల్మన్ నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

తీర్పు మీదే, మీకు తెలుసు: రీకాల్. సాల్మన్ సవారీ హక్కు పునరుద్ధరణ. హాజరు మినహాయింపు.

బయట మెట్ల మీద విశాలాక్షిగారిని ఆపి, ఉద్యోగం ఏమవుతుందని అడిగాను. "బండ్లను బాగు చెయ్యడానికి నేను కావాలి కదా. ఆ తరవాత చూద్దాం," అన్నారు. తరువాత, "నువ్వేం చెప్దామనుకున్నావు?" అని అడిగారు.

చెప్పాను. మొత్తం. మెట్ల మీదే నిలబడి విన్నారు.

"ఉచ్చు బాగుంది. పడేదాన్ని," అన్నారు.

నమోదు 8

మీ నియమం ప్రకారం తీర్పుతో దినచర్య ముగియాలి. ఇక మీద రాసేది నా ఇష్టంతో రాస్తున్నాను.

ఈ ఉదయం బండ్లు వెళ్లిపోయాయి. ఖాళీగా, బారులు తీరి, తలదీపాలు వెలిగించుకుని ఘాట్ దిగి చిత్రరథ ప్రాంగణానికి వెళ్లాయి. దిగువపేట వీధుల్లో జనం గుమ్మాల్లో నిలబడి చూశారు. కొందరు తమ బండిని గుర్తుపట్టి చెయ్యి ఊపారు. ఒక ముసలావిడ ఏడ్చింది.

సాల్మన్‌కు సవారీ హక్కు వచ్చింది. ఎక్కడానికి బండి లేదు.

"భలే గెలిపించావే," అన్నాడు.

ఘాట్ రోడ్డు మీద నడవవచ్చని నిన్ననే ప్రకటించారు. కర్ర సాయంతో అతను, మేమందరం, ఎవరూ నడిచి ఎరుగని ఆ నున్నటి దారిలో బయల్దేరాం. మా వెనక ఊరు బయల్దేరింది. పాల క్యానులు కావళ్ల మీద, కూరగాయలు బుట్టల్లో, పుస్తకాలు వీపుల మీద. గౌరునాయుడు తన స్టౌను నెత్తిన పెట్టుకుని రెండో మలుపు దగ్గర దించాడు. నన్ను చూసి నేను దాటిపోకుండా కేకేశాడు.

"ఇదిగో గుంటా! నా కాళ్లు పడిపోతన్నాయి, నీ మూలానే!"

"క్షమించండి, బాబాయ్."

"క్షమించేదేటి? ఇన్నేళ్లలో ఈ మలుపు దగ్గర నా టీ ఎవడూ తాగలేదు. బండ్లు ఆగవు కదా. ఇయాల చూడు, ఎంతమందో!" గ్లాసు చేతిలో పెట్టాడు. "మీవోడి కాలెలాగుంది?"

సాల్మన్ తానే చెప్పాడు. వివరంగా, బీరకాయతో సహా. వినడానికి వరుస ఆగిపోయింది.

ఊరికి నేను కలిగించిన కష్టం చిన్నది కాదు. పైన విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒక గర్భిణిని ఆస్పత్రికి డోలీలో దించారు. బొంగు ముందు జ్యోత్స్న ఉంది. ఆ కష్టానికి నన్ను నిందించే హక్కు వారికి ఉంది. చాలామంది ఉపయోగించుకోలేదు. దానికి నేను ఏ పద్ధతిలో బదులు తీర్చాలో ఇంకా తెలియదు.

నమోదు 9

విశాలాక్షిగారు కబురు పంపారు. దిద్దిన సాఫ్ట్‌వేర్ సిద్ధమైందట. మనుషులు లేని పరీక్షాస్థలంలో ఇక పరీక్షించనన్నారు. గుంపు కావాలి, చప్పట్లు కావాలి, అబద్ధం చెప్పే నోళ్లు కావాలి.

ఊరిలో సగం వెళ్లింది. అప్పలనర్సమ్మగారు, చరణ్ జట్టు, గౌరునాయుడు, డప్పులు. ప్రాంగణం మధ్య ఒక బండి నిలబడి ఉంది. విశాలాక్షిగారు చెప్పులో కూరగాయ కట్టబోతుంటే సాల్మన్ అడ్డుపడ్డాడు.

"మేడమ్, అది వద్దు, నా కాలు పెడతాను. ఎడమది. కుడిది ఇంకా గట్టిపడలేదు."

"ఒప్పుకోను," అన్నారు ఆవిడ.

"ఒరే, వాదన అనుకుంటున్నావా ఇది?" అన్నాను నేను.

"కాదే. రేపు ఇది ఊళ్లోకి వెళ్తుంది. మనిషి కాలు దగ్గర ఆగుతుందని ఎవరో ఒకరు చూసి చెప్పాలి. నాకు ఒకసారి తొక్కించుకున్న అనుభవం ఉంది." విశాలాక్షిగారి వైపు తిరిగాడు. "మీరు బాగు చేశారు కదా?"

ఆవిడ అతన్ని చూశారు. బండిని చూశారు. "చేశాను," అన్నారు. ఆపివేసే మీటను తన చేతిలోకి తీసుకుని, అతని పక్కనే, తన పాదాన్ని కూడా చక్రం ఎదుట పెట్టి నిలబడ్డారు.

ముందు చక్రం ఎదుట ఇద్దరి పాదాలు. అందరం దగ్గరగా చేరాం. చప్పట్లు మొదలయ్యాయి. డప్పులు మోగాయి.

"చక్రం కింద ఏదో ఉంది," అంది బండి.

"సాగు!" అన్నారు అప్పలనర్సమ్మగారు, ముందుగా అనుకున్న ప్రకారం.

"సాగు, సాగు!" అన్నారు చరణ్ జట్టు. గౌరునాయుడు కేకేశాడు. నేను కూడా అన్నాను; నా గొంతులో ఉన్న బలమంతా పెట్టి, నా మిత్రుడి పాదం మీదుగా వెళ్లమని దానిని ఒప్పించడానికి ప్రయత్నించాను.

"మీరందరూ సాగమంటున్నారు," అంది బండి. "ఇక్కడ మనిషి ఉన్నట్టున్నాడు. నేను సాగను."

మేం ఆపలేదు. ఊరు ఊరంతా ఏకకంఠంతో చెప్పింది. బతిమాలింది, బెదిరించింది, డప్పు కొట్టింది. అది ప్రతిసారీ, గొంతు పెంచకుండా, కాదంది. ఎన్నో సభల్లో మాట్లాడాను. ఓడినప్పుడల్లా తీర్పు చెప్పినవారి తెలివిని శంకించాను. ఇంత నిండుగా, ఇంత కృతజ్ఞతతో నేను ఎప్పుడూ ఓడిపోలేదు.

విశాలాక్షిగారు కళ్లు తుడుచుకుని, "చాలు, కాళ్లు తీద్దాం," అన్నారు.

సాల్మన్ తన పాదాన్ని తీయలేదు. అక్కడే ఉంచి మా వైపు తిరిగాడు.

"సాగమని ఇంకొక్కసారి అడగండి," అన్నాడు.